హృదయ శస్త్రచికిత్సలో రక్తము గడ్డకట్టు సమస్య



పెద్ద ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరుగు గదికి వెలుపల ఒక వసారా ఉండును. అచ్చట బల్లలపై కూర్చుండి తమవారి కొరకు ఎదురుచూచువారిని మీరు చూచియుందురు. మీలో కొందరు స్వయముగా అచ్చట కూర్చుండియు ఉందురు. లోపల ఒకరి గుండెకు చికిత్స జరుగుచున్నది. గంటలు గడచుచున్నవి. ఇంతలో తలుపు తెరచుకొని నర్సు వచ్చి, "ఇంకొక రెండు సంచుల రక్తం కావాలి" అని చెప్పి లోనికి పోవును. అంతటితో వసారాలోని వారి ధైర్యము సన్నగిల్లును. కత్తి జారెనేమో, వైద్యుడు పొరబడెనేమో యని ఒకరి ముఖము నొకరు చూచుకొందురు.

నేను మత్తుమందు ఇచ్చు వైద్యుడను. ఆ తలుపునకు లోపలివైపున నిలుచువాడను. ఒకమారు ఒక రోగి కుమారుడు, పెద్దగా చదువుకొనని యువకుడు, నన్ను ఇట్లడిగెను: "అయ్యా, నెత్తురు గడ్డకట్టకుండా మందిచ్చి గుండె కోస్తారట గదా. మరి కోసిన చోట నెత్తురు ఎలా ఆగుతుందండీ?" హృదయ శస్త్రచికిత్సలోని ఒక ప్రధానమైన చిక్కు అంతయు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. నేటి ప్రసంగము ఆ యువకునికి నేను చెప్పిన సమాధానమునకు విస్తరణము మాత్రమే.

ముందుగా రక్తము గడ్డకట్టుట యననేమో చూతము. చెరువుకట్టకు గండి పడినపుడు ఊరివారేమి చేయుదురు? మొదట ఇసుక బస్తాలు తెచ్చి పడవేయుదురు. పిమ్మట కంపయు గడ్డియు అడ్డముగా వేసి బిగింతురు. మన శరీరములోను అట్లే జరుగును. రక్తనాళము తెగగానే రక్తములో తిరుగుచుండు ప్లేట్లెట్లు అను సూక్ష్మకణములు గాయమున కంటుకొని ఒకదానిపై నొకటి పేరుకొనును. ఇవి ఇసుక బస్తాలు. పిదప రక్తద్రవములో కరగియున్న ఫైబ్రినోజెన్ అను మాంసకృత్తు, ఫైబ్రిన్ అను పోగులుగా మారి వలవలె అల్లుకొనును. ఇది కంప. ఈ మార్పు కలిగించునది త్రాంబిన్ అను పదార్థము. అది పుట్టుటకు ముందు రక్తములోని అనేక పదార్థములు ఒక దీపముతో మరియొక దీపము వెలిగించినట్లు వరుసగా ఒకదానినొకటి మేల్కొలుపును. గాయము మానిన పిమ్మట ఆ అడ్డుకట్టను మెల్లగా కరగించు ఏర్పాటు కూడ రక్తములోనే కలదు.

ఈ కావలివారికి తెలిసిన గుర్తు ఒక్కటే: రక్తనాళపు లోపలి పొర. ఆ పొర గాక మరేది రక్తమునకు తగిలినను, ఎచ్చటనో గండి పడెననియే వారు తలంతురు. చిక్కు ఇచ్చటనే ఆరంభమగును.

గుండెలోని రంధ్రమును పూడ్చవలెనన్నను, చెడిన కవాటమును మార్చవలెనన్నను, తరచుగా గుండెను ఆపి తెరువవలసివచ్చును. ఆ సమయమున గుండెయు ఊపిరితిత్తులును చేయవలసిన పనిని ఒక యంత్రము చేయును. శరీరమునుండి వచ్చు రక్తము గొట్టముల ద్వారా యంత్రమును చేరి, ప్రాణవాయువును గ్రహించి, మరల ధమనిలోనికి పోవును. పెద్దవారి విషయమున నిమిషమునకు సుమారు నాలుగైదు లీటర్ల రక్తము ఈ విధముగా తిరుగును. కాని ఆ గొట్టములు ప్లాస్టిక్ గొట్టములు. రక్తమునకు యంత్రమంతయు ఒక పెద్ద గండిగనే తోచును. మందు ఈయకున్నచో కొలది నిమిషములలోనే యంత్రము గడ్డలతో పూడిపోవును. ఒక చిన్న గడ్డ మెదడునకు పోయినను పక్షవాతము రావచ్చును.

ఈ యంత్రము యొక్క చరిత్రమే రక్తపు గడ్డతో ఆరంభమైనది. 1930 ప్రాంతమున అమెరికాలోని బోస్టను నగరమున జాన్ గిబ్బన్ అను యువ వైద్యుడు ఒక స్త్రీ మంచముచెంత రాత్రియంతయు మేలుకొని కూర్చుండెను. ఊపిరితిత్తులకు పోవు పెద్ద రక్తనాళములో గడ్డ అడ్డుపడి ఆమె క్షణక్షణమునకు క్షీణించుచుండెను. శస్త్రవైద్యులు ఆ గడ్డను తీసివేసినను ఆమె బ్రతుకలేదు. ఆ నల్లబడిన రక్తమును కొంతసేపు వెలుపలకు తీసి, ప్రాణవాయువు నిచ్చి, మరల లోనికి పంపగలిగిన ఆమె దక్కియుండునుగదా యని గిబ్బన్ తలపోసెను. ఆ తలంపు వెంట ఆయనయు, ఆయన భార్య మేరీయు ఇంచుమించు ఇరువది సంవత్సరములు నడచిరి. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో పదునెనిమిదేండ్ల యువతి గుండెలోని రంధ్రమును గిబ్బన్ యంత్రసహాయమున మూసెను. ఇరువదియారు నిమిషములపాటు యంత్రమే ఆమెకు గుండెయు ఊపిరియు అయ్యెను. ఆమె అటుపిమ్మట దశాబ్దములు జీవించెను. ఐతే ఆ ఇరువదియారు నిమిషములలోనే యంత్రములో రక్తము పేరుకొన నారంభించెను. గడ్డకట్టకుండుటకై ఇచ్చిన మందు చాలలేదు. ఇంకను ఆలస్యమైయుండిన కథ మరియొక విధముగా ముగిసెడిది. కావున ఈ చికిత్స పుట్టిననాటనే, గుండె కుట్టుటతో సమానమైన పని రక్తమును అదుపులో నుంచుట యని తేలినది.

ఆ మందు పేరు హెపారిన్. 1916లో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున జే మెక్లీన్ అను వైద్య విద్యార్థి, ఆచార్య హోవెల్ పరిశోధనశాలలో రక్తమును గడ్డకట్టించు పదార్థముల కొరకు వెదకుచు, కుక్క కాలేయమునుండి గడ్డకట్టకుండ చేయు పదార్థమును కనుగొనెను. వెదకినది ఒకటి, దొరికినది దానికి విరుద్ధమైనది. గ్రీకు భాషలో కాలేయమునకు గల పేరునుబట్టి 1918లో హోవెల్ దానికి హెపారిన్ అని పేరిడెను. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకడైన చార్లెస్ బెస్ట్ నాయకత్వమున టొరంటోలోని శాస్త్రజ్ఞులు 1930ల దశకమున దానిని శుద్ధిచేసి మనుష్యులకు ఇచ్చుటకు తగినట్లు సిద్ధపరచిరి. నేడు దీనిని ఎక్కువగా పంది ప్రేవుల లోపలి పొరనుండి తీయుచున్నారు.

హెపారిన్ రక్తమును పలుచన చేయుననుట వాడుక మాటయే గాని సరియైన మాట కాదు. మన రక్తములోనే యాంటీత్రాంబిన్ అను నిగ్రహించు పదార్థమొకటి కలదు. హెపారిన్ దాని బలమును వేయిరెట్ల వరకు పెంచును. అనగా హెపారిన్ స్వయముగా ఎవరితోను పోరాడదు. ఇంటిలోనున్న పెద్దకు బలము చేకూర్చును. కొందరిలో ఆ యాంటీత్రాంబిన్ తగ్గియుండును. అట్టివారికి ఎంత హెపారిన్ ఇచ్చినను ఫలితము చాలదు. అప్పుడు యాంటీత్రాంబిన్‌ను గాని, అది గల రక్తద్రవమును గాని ఈయవలసివచ్చును.

మా గదిలో జరుగునది వినుడు. శస్త్రవైద్యుడు "హెపారిన్" అనగానే నేను ఆ మాటను బిగ్గరగా తిరిగి పలుకుదును. శరీరపు బరువు కిలోగ్రాము ఒక్కింటికి 300 నుండి 400 యూనిట్లు సాధారణ మోతాదు. ఏబది కిలోగ్రాముల మనిషికి పదునైదు మొదలు ఇరువది వేల యూనిట్లు. ఇచ్చిన కొన్ని నిమిషములకు కొంచెము రక్తము తీసి, గడ్డకట్టుటకు ఎన్ని సెకండ్లు పట్టునో చిన్న యంత్రముతో కొలతుము. మామూలుగా ఇది సుమారు నూరు సెకండ్లు. అది నాలుగువందలు దాటి, చాల చోట్ల నియమించుకొన్నట్లు 480 సెకండ్లకు చేరినదాక గుండె–ఊపిరితిత్తుల యంత్రమును నడుపరాదు. చేరిన పిమ్మటను ఊరకుండరాదు. అరగంట కొకమారైనను కొలుచుచు, తగ్గిన మరల మందు ఈయవలెను. ఒకే మోతాదు అందరికిని ఒకే విధముగా పనిచేయదు. 1970ల దశకమున ఈ కొలత వాడుకలోనికి వచ్చినప్పటినుండియే ఊహ తగ్గి లెక్క పెరిగినది.

గుండె పని పూర్తియైనది. గుండె మరల కొట్టుకొనుచున్నది. యంత్రము ఆగినది. ఇప్పుడు నిద్రపుచ్చిన కావలివారిని మేల్కొలుపవలెను. ఆ యువకుని ప్రశ్నకు సమాధానము ఇచ్చటనున్నది. హెపారిన్‌కు విరుగుడు కలదు. దాని పేరు ప్రోటమిన్. అది చేపనుండి వచ్చిన మందనిన మీరు ఆశ్చర్యపడుదురు. రైను నదిలోని సాల్మన్ మగచేపల వీర్యమునుండి ఫ్రెడరిక్ మీషర్ అను స్విస్ శాస్త్రజ్ఞుడు 1870ల దశకమున దీనిని వేరుచేసెను. అప్పుడది దేనికి పనికివచ్చునో ఎవరికిని తెలియదు. 1937లో చార్‌గాఫ్, ఓల్సన్ అనువారు ఇది హెపారిన్‌ను పట్టి బంధించి దాని శక్తిని హరించునని కనుగొనిరి. నూరు యూనిట్ల హెపారిన్‌కు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము ప్రోటమిన్ సరిపోవును.

ఐతే విరుగుడును పదునైన కత్తివలెనే వాడవలెను. త్వరగా ఇచ్చిన రక్తపుపోటు పడిపోవును. మోతాదు మించిన అదియే రక్తము గడ్డకట్టుటకు అడ్డుపడును. యంత్రమింకను నడుచుచుండగా పొరపాటున ఇచ్చిన యంత్రములోనే రక్తము గడ్డకట్టి ప్రాణాపాయము కలుగును. అందువలననే యంత్రము నడుపువాడు, శస్త్రవైద్యుడు, నేను – ముగ్గురమును "ప్రోటమిన్" అని ఒకరికొకరము వినిపించి చెప్పుకొనిన పిమ్మటనే దానిని మెల్లమెల్లగా ఎక్కింతుము. చేపలు పడనివారికిని, ప్రోటమిన్ కలిసిన ఇన్సులిన్ వాడినవారికిని ఒక్కొక్కప్పుడు ఈ మందు తీవ్రముగా వికటించును. కావున "మీకు చేపలు పడునా? ఏ ఇన్సులిన్ వాడుచున్నారు?" అని వైద్యుడడిగిన, గుండెకును చేపకును సంబంధమేమి యని నవ్వక సమాధానము చెప్పుడు.

విరుగుడిచ్చినను ఒక్కొక్కమారు రక్తము కారుచునే యుండును. కారణములు పెక్కు. యంత్రములో నింపిన ద్రవముచే రక్తములోని పదార్థములు పలుచబడును. గొట్టములలో తిరిగి తిరిగి ప్లేట్లెట్లు అలసి నశించును. చికిత్సలో శరీరమును చల్లబరచియుందుము; చల్లని శరీరములో ఆ పదార్థములు చురుకుగా పనిచేయవు. కావున రోగిని మరల 37 డిగ్రీలకు వెచ్చబరచుటయే ఒక మందు. మరియొక కారణము, అడ్డుకట్టను కరగించు ఏర్పాటు ముందుగనే పనికి దిగుట. గండి పూడ్చుచున్నవారు ఒకవైపు, కంప లాగివేయువారు మరొకవైపు! దీనిని ఆపుటకు ట్రానెక్సామిక్ ఆమ్లమను మందు కలదు. 1962లో జపానుకు చెందిన ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకె ఒకమోటో దీనిని లోకమునకు ప్రకటించిరి. యుద్ధానంతరపు లేమిలో వారు రక్తమునే పరిశోధనకు ఎంచుకొనిరి. చాలనిచో తమ రక్తమునే వాడుకొనవచ్చునని వారి ఆలోచన! నేడు హృదయ శస్త్రచికిత్సలో అది నిత్యము వాడు మందు. దానికిని మితము కలదు. ఎక్కువైన మూర్ఛలు రావచ్చును.

రక్తము కారుచున్నదని ఉన్న సంచులన్నియు ఎక్కించుట వైద్యము కాదు. ఏది తక్కువైనదో తెలిసికొనవలెను. 1948లో జర్మనీలోని హైడెల్‌బర్గులో హార్టర్ట్ అను శాస్త్రజ్ఞుడు గడ్డ ఎంత త్వరగా ఏర్పడుచున్నదో, ఎంత గట్టిపడుచున్నదో, ఎప్పుడు కరగుచున్నదో గీతగా చూపు పరికరమును నిర్మించెను. ఆ సూత్రముపై పనిచేయు పరికరములు నేడు మంచము ప్రక్కనే ఉండుచున్నవి. గీతను చూచి, ప్లేట్లెట్లు తక్కువైన ప్లేట్లెట్లు, ఫైబ్రినోజెన్ తక్కువైన అది ఎక్కువగా గల భాగము, మరియొకటి తక్కువైన రక్తద్రవము – ఈ విధముగా ఏది కావలెనో దానినే ఇత్తుము. రక్తమంతయు సరిగానున్నట్లు తేలి, ఛాతీలోని గొట్టములనుండి రక్తము ఇంకను ఎక్కువగా వచ్చుచుండినచో, ఏదో ఒక కుట్టు వద్ద రక్తము కారుచున్నదని అర్థము. అప్పుడు రోగిని మరల బల్లమీదికి తీసికొనిపోవలసివచ్చును. మరియొక మాట: ఆ గొట్టములలో రక్తము చటుక్కున ఆగిపోయినను సంతోషింపరాదు. గొట్టమే గడ్డతో మూసికొనిపోయి, రక్తము గుండె చుట్టును చేరి దానిని నొక్కివేయవచ్చును. మరల తెరచుట ఓటమి కాదు. తెరువవలసినపుడు జాగు చేయుటయే ఓటమి.

అరుదుగా హెపారిన్ తానే శత్రువగును. కొందరి శరీరము దానిపై తిరుగబడి, ప్లేట్లెట్లు తగ్గుటయు, అదే సమయమున గడ్డలు ఏర్పడుటయు సంభవించును. అట్టి చరిత్ర గలవారికి బైవలిరుడిన్ అను వేరు మందు వాడుదురు. జలగ లాలాజలములోని పదార్థమును చూచి దానిని రూపొందించిరి. కాని దానికి విరుగుడు లేదు. అది తనంతట తాను తొలగువరకు కాచుకొనవలసినదే. పూర్వము హెపారిన్ ఇచ్చినపుడు ఇట్టి బాధ కలిగినదని ఏ కాగితములో వ్రాసియున్నను, దానిని భద్రపరచి చూపుట మరువకుడు.

మన పొరుగున వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో 1962లో డాక్టరు ఎన్. గోపీనాథ్ గారు గుండెను తెరచి చేయు చికిత్సను విజయవంతముగా నెరవేర్చిరి. నేడు మన నగరములలోను ఇది నిత్యకృత్యమైనది. పని నిత్యకృత్యమైనకొలది ఇంటివారి బాధ్యత తక్కువ యగునని తలంపరాదు. దానికి ఒక ఉదాహరణము చెప్పుదును.

కృష్ణా డెల్టానుండి ఒక రైతు గుండె రక్తనాళముల చికిత్సకై వచ్చెను. శస్త్రచికిత్సకు ముందునాడు నేను పోయి ఏ మందులు వాడుచున్నారని అడిగితిని. బి.పి. మాత్రలు తప్ప మరేమియు లేవని ఇంటివారనిరి. నేను లేచి వచ్చుచుండగా ఆయన భార్య కొంగుముడి విప్పి సగము వాడిన మాత్రల పట్టీ నొకదానిని చూపెను. "ఇది మందు కాదండీ, గుండెకు బలమని మా ఊళ్లో ఇచ్చారు. రోజూ వేస్తున్నాను" అనెను. అది క్లోపిడోగ్రెల్. ప్లేట్లెట్లు ఒకదానికొకటి అంటుకొనకుండ చేయు మాత్ర. అది తాకిన ప్లేట్లెట్టు తన ఆయుర్దాయమున్నంతవరకు పనికిరాదు. క్రొత్తవి తగినన్ని పుట్టుటకు సుమారు ఐదు దినములు పట్టును. రోగి స్థితి నిలకడగానుండుటచే చికిత్సను వాయిదా వేసితిమి. ఇంటి పెద్దకు కోపము వచ్చెను. "పంతులుగారు పెట్టిన ముహూర్తం తప్పిపోతుందండీ" అనెను. "ఆ మాత్ర దిగిపోయిన రోజే మనకు మంచి ముహూర్తం, బాబాయిగారూ" అంటిని. ఆమె కొంగుముడి విప్పకయుండినచో ఏమి జరిగియుండెడిదో మరునాటి రాత్రి మాకందరకు తెలిసియుండెడిది.

దీనివలన మాత్రలు మీయంతట మీరే మానవలెనని గ్రహింపకుడు. గుండె రక్తనాళములో స్టెంటు అమర్చబడినవారు అట్లు మానిన, ఆ స్టెంటులో గడ్డ ఏర్పడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఏది మానవలెను, ఎన్నాళ్లు మానవలెను, ఆస్పిరిన్ కొనసాగించవలెనా అనునది వైద్యుడు నిర్ణయించును. చెప్పుట మీ వంతు. నొప్పి మాత్రలు, నాటుమందులు, పసరులు – ఏదియు దాచకుడు.

చికిత్స ముగిసి ఇంటికి వచ్చినను ఈ సమస్య కొందరిని విడువదు. లోహపు కవాటము అమర్చబడినవారి రక్తము ఆ కవాటముపై గడ్డకట్టజూచును. తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థ నిర్మించిన కవాటమును 1990లో మొదటిసారి మనిషికి అమర్చిరి. అది స్వదేశీ కవాటమైనను, విదేశీ కవాటమైనను నియమమొక్కటే: వార్‌ఫరిన్ వంటి మాత్ర జీవితాంతము వాడవలెను, చెప్పిన గడువులలో రక్తపరీక్ష చేయించుకొనవలెను. గోంగూర, తోటకూర, మునగాకు వంటివాటిలోని విటమిన్ కె ఈ మాత్రకు ఎదురుగా పనిచేయును. ఆకుకూరలు మానవలసిన పని లేదు. ఒక వారము విపరీతముగా తిని మరుసటి వారము అసలు తినకుండుట పనికిరాదు. ఈ మాత్ర గర్భస్థ శిశువునకు హానికరము కావున, కవాటము గల స్త్రీలు గర్భము ధరింపదలచినపుడే వైద్యునితో మాటలాడవలెను.

ఇక మరల ఆ వసారాకు వత్తము. నర్సు వచ్చి రక్తము అడిగినపుడు అది కత్తి జారినదనుటకు గుర్తు కాదు. లోపల కొందరు మనుష్యులు మీవారి రక్తమును మొదట ఆపి, పిమ్మట మేల్కొలిపి, సెకండ్లు లెక్కించుచు దానికి తోడ్పడుచున్నారని గుర్తు. ఎన్ని మందులు వచ్చినను ఎఱ్ఱ రక్తకణములను, ప్లేట్లెట్లను కర్మాగారములో చేసి ఆసుపత్రులకు నిత్యము అందించు ఉపాయము ఇంకను కుదురలేదు. ప్లేట్లెట్లు నిలువ యుండునది ఐదారు దినములే. కావున ఆ సంచి ఎవరో ఒక మనుష్యుని చేతినుండి ఈ వారములోనే వచ్చియుండవలెను. మీవారికి ఆపద వచ్చినపుడు మాత్రమే గాక, ఎవరికిని ఆపద లేని నాడు పోయి రక్తమిచ్చినవారి వలననే ఆ తలుపు లోపల మేము ధైర్యముగా నిలువగలుగుచున్నాము.

నన్ను ప్రశ్నించిన యువకుడు సమాధానము విని, కొంతసేపు ఊరకుండి, "అయితే నా నెత్తురు పనికొస్తుందా అండీ?" అని అడిగెను. ఈ ప్రసంగము విన్న మీరును ఆ రెండవ ప్రశ్న వేసికొందురుగాక. సెలవు.